పదిలో ఎంత?

నా మోకాలు ఎంత నొప్పి పెడుతోందో డాక్టరమ్మ నన్నడిగితే, మా ఆయన చెప్పాడు.

"రెండు, మేడం."

ఆవిడ అడిగింది నన్నే. నా కళ్ళలోకి చూస్తూ, "పదిలో ఎంతుంటదమ్మా నీ నొప్పి? అసలే లేకుంటే సున్న, ఇగ నా వల్ల గాదు అనిపిస్తే పది" అని గోడ మీది బొమ్మ కూడా చూపించింది. నవ్వుతున్న మొహం నుంచి ఏడుస్తున్న మొహం దాకా వరసగా గీసి పెట్టారు. వాటిలో నా మొహం ఏదా అని వెతుక్కునేలోపే మా ఆయన సదయ్య తన ఉద్యోగం నంబరు చెప్పినంత జల్దిగా చెప్పేశాడు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో నా మోకాలి మీద ఒక్కసారైనా చెయ్యి వేసి చూడని మనిషికి ఆ రెండు ఎక్కడ దొరికిందో! కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పెళ్ళిచూపుల్లో నీకు వంటొచ్చా అని నన్నడిగితే మా అవ్వ చెప్పింది. బడి ఎందుకు మానేశావని పంతులమ్మ నన్నడిగితే మా బాపు చెప్పాడు. ఇంకో బిడ్డ కావాలనుందా అని నర్సమ్మ నన్నడిగితే మా అత్త చెప్పింది. ఇన్నిటికి నా తరఫున జవాబు చెప్పే మనుషులుండగా మోకాలి సంగతి ఒక్కటి నేను చెప్పుకోవాలా?

"మా ఆమె గట్టి మనిషి మేడం. ఊకె ఏడ్చే రకం గాదు" అన్నాడు మళ్ళీ. నన్ను మెచ్చుకుంటున్నానని అనుకున్నాడు పాపం.

డాక్టరమ్మ పేరు రాజకుమారి. ఆపరేషన్ చేసేది వేరే పెద్ద డాక్టరు, ఈమె మత్తు ఇచ్చే డాక్టరు. మా బొగ్గు కంపెనీ ఏరియా దవాఖాన వాళ్ళు కాగితం రాసి ఇస్తే కరీంనగర్‌లోని ఈ పెద్ద దవాఖానకు వచ్చాం. ఆమె నా ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూసి, "ఎముక మీద ఎముక రాసుకుంటున్నది. ఇది రెండు చెప్పే మోకాలు గాదే" అని తనలో తను అనుకుని, నాతో, "సరే, మోకాలు మంచిగయినంక ఏం చెయ్యాలనుందమ్మా నీకు?" అంది.

"ఇంట్ల పని మంచిగ చేసుకుంటది మేడం" అన్నాడు మా ఆయన.

నాకు మాత్రం లోపల ఠక్కున వచ్చిన మాట సైకిల్. యాభై ఏడేళ్ళ మనిషికి ఇదేం కోరిక అని మీరు నవ్వినా నేనేం అనుకోను. మా ఊరు పెద్దపల్లి దగ్గర. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి నాలుగు కిలోమీటర్లు సైకిల్ మీద పోయి చదివాను. మా బాపు సైకిలే, మధ్యలో కడ్డీ ఉన్నది. కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వంగి తొక్కేదాన్ని. ఎదురుగాలి వస్తే జడ వెనక్కు ఎగిరేది. పెళ్ళయి గోదావరిఖని వచ్చిన మూడో రోజు, ఎవరూ లేరు కదా అని మా ఆయన బొగ్గుబాయి డ్యూటీకి పోయే సైకిల్ ఎక్కి వాకిట్లో రెండు చుట్లు కొట్టాను. మా అత్త గడపలోంచి చూసి, "ఏందే, సదయ్యను ఎనుక కూసోబెట్టుకోని బాయికి తోలుకపోతవా ఏంది?" అంది. వాడకట్టంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నేను దిగాను. మళ్ళీ ఎక్కలేదు.

అదంతా డాక్టరమ్మకు ఎక్కడ చెప్తాను. ఆమె మాత్రం నాకు అన్నీ నెమ్మదిగా చెప్పింది. నడుముకు సూది వేసి కింది సగానికి మత్తు ఇస్తారట. కొత్త మోకాలు బిగించాక, కుట్లు వెయ్యకముందు, మోకాలి చుట్టూ లోపలే నొప్పి మందు సూదులు వేస్తారట, నాలుగు దిక్కులా. "అందుకే మొదటి దినం నీకు నొప్పి అంతగ తెల్వది. ఆ మందు దిగినంక తెలుస్తది. అప్పుడు నువ్వు మాకు చెప్పాలె. చెప్తెనే ఇంకో సూది వేస్తం. నొప్పి ఆగితెనే మోకాలు వంచుతవు. ఈ మొదటి పదిహేను దినాలల్ల వంచకుంటే కట్టె లెక్క బిగుసుకపోతది. ఎంత మంచి మోకాలు పెట్టినా దండుగ అయితది. సమజ్ అయిందా?"

"అయింది మేడం" అన్నాడు మా ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెవి దగ్గరకు వంగి, యూనియన్ రహస్యం చెప్పినట్టు చెప్పాడు. "సూడు అనసూర్యా, ఆపరేషన్ అయినంక ఎవరు అడిగినా రెండే అను. ఎక్కువ అనకు."

"నొప్పి ఉంటే?"

"ఉన్నా అనకు. ఎక్కువ చెప్పినవనుకో, అన్‌ఫిట్ రాస్తరు. ఒక మోకాలికే తట్టుకోలేదని రెండోది ఆపుతరు. నేను రిటైర్ అయితే కంపెనీ ఖర్చు పెట్టుకోదు, ఆ లోపల రెండు మోకాళ్ళు అయిపోవాలె."

మా బొగ్గుబాయిల దిక్కు డాక్టరు అంటే నొప్పి తగ్గించే మనిషి కాదు, ఫిట్ రాసే మనిషి లేకపోతే అన్‌ఫిట్ రాసే మనిషి. ఎప్పుడు నొప్పి ఉందని చెప్పాలో, ఎప్పుడు లేదని చెప్పాలో మగవాళ్ళకు షిఫ్టు టైములు తెలిసినట్టు తెలుసు. సిక్కులో, అంటే జబ్బు సెలవులో ఉన్న మనిషి మళ్ళీ డ్యూటీ ఎక్కాలంటే డాక్టరు ముందు ఛాతీ విరుచుకుని "ఏం లేదు సార్" అనాల్సిందే. మా ఆయన ముప్పై ఏళ్ళలో నేర్చుకున్న తెలివంతా ఆ రోజు బస్సులో నాకు ధారపోశాడు. అందులో నా మీద ప్రేమ లేదని అనను. ప్రేమే. కాకపోతే నా మోకాలు కంపెనీలో కొలువు చెయ్యడం లేదన్న సంగతి మరిచిపోయాడు. తమాషా ఏమిటంటే నేనూ మరిచిపోయాను. దవాఖాన ముచ్చట్లు మగవాళ్ళకే తెలుసులే అని తల ఊపాను.

అయినా "ఏం లేదు" అనడం నాకు కొత్తా? మా క్వార్టరు రెండో అంతస్తు. నీళ్ళు కింద నల్లాకు రోజుకొకసారి వచ్చేవి. పదిహేనేళ్ళు బిందెలు మోశాను. బొగ్గు పట్టిన డ్యూటీ బట్టలు పీట మీద కూచుని బండకు రుద్దితే మూడు నీళ్ళు నల్లగా పోయేవి, నాలుగో నీళ్ళు మాసిన రంగులో వచ్చేవి. మా ఆయనకు వారానికొకసారి షిఫ్టు మారుతుంది. ఆయన తిండి, ఆయన నిద్ర, మా కూతురు మమత బడి, అత్త మందులు కలిపితే నాకు మూడు షిఫ్టులూ ఒకే రోజులో పడేవి. మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఒకసారి నోరు జారితే మా అత్త, "నాకు లెవ్వా? మా అత్తకు లెవ్వా? చెప్పుకుంట తిరిగినమా?" అంది. ఆమె పోయి ఎనిమిదేళ్ళయింది. ఆమె మోకాళ్ళు కూడా పాపం ఎవరికీ చెప్పకుండానే పోయాయి.

ఆపరేషన్ రోజు నాకు తోడు మా పక్క క్వార్టరు షాహీదా వచ్చింది. మా మమత నస్పూర్‌లో ఉంటుంది, దానికి చిన్న పిల్లలు. షాహీదా మొగుడు దస్తగిర్ వర్క్‌షాపులో పనిచేస్తాడు. "నాలుగు దినాలు హోటల్ల తిను, సావవు" అని ఆయనకు చెప్పి, ఒక సంచి, ఒక చెంబు పట్టుకుని వచ్చేసింది. అటువంటి మనిషి.

లోపల నాకు మెలకువగానే ఉంది. తెర అవతల వడ్రంగి పని జరుగుతున్నట్టు కొట్టడం, కోయడం వినిపిస్తోంది గాని నొప్పి లేదు. డాక్టర్ రాజకుమారి నా తల దగ్గర కూచుని, "ఇగో, ఇప్పుడు మోకాలి చుట్టూ సూదులు వేస్తున్నరు. ఎనుక దిక్కు అయింది, ఇప్పుడు పక్కలకు" అని అన్నీ చెప్తోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయపడుతున్నాననుకుని ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసింది. భయం కాదు. నా నొప్పి రాకముందే దాని కోసం ఎదురు చూసి, అది వచ్చే దారులన్నిటిలో ముందే మనుషులు నిలబడడం నాకు కొత్త. కాన్పు నొప్పులప్పుడు కూడా "అందరు కంటలేరా?" అన్న మాటే విన్నాను.

ఆ సాయంత్రమే నన్ను నిలబెట్టారు. మూడు రోజులు పడుకోబెడతారనుకుంటే, ఫిజియో చేసే సుమైరా అనే పిల్ల వాకర్ తెచ్చి ముందు పెట్టింది. గులాబి రంగు స్కార్ఫు, చేతికి పెద్ద గడియారం, మాటకు ముందు నవ్వు. "లేవు ఆంటీ, తలుపు దాక పోయొద్దాం" అంది. లేచాను. అడుగు వేశాను. ఇంకో అడుగు. నొప్పి లేదు! ఇంట్లో ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉన్న మిక్సీని ఎవరో వచ్చి ఆపేసినట్టు అనిపించింది. అది ఆగేదాకా అంత చప్పుడు భరిస్తున్నానని నాకే తెలియదు. తలుపు దాకా పోయి, గోడ పట్టుకుని నిలబడి నవ్వడం మొదలుపెట్టాను. నన్ను చూసి షాహీదా నవ్వింది. ఇద్దరం ఏడుపొచ్చేదాకా నవ్వాం. "అరె, ఏమైంది?" అని సుమైరా అడిగింది. ఏమీ కాలేదు, అదే కదా సంతోషం.

మా ఆయన వరండాలో నిలబడి చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. "మా ఆమె నడుస్తున్నది! నొప్పే లేదు! నేను చెప్పలే, గట్టి మనిషని! వారంల ఇంటి పని చేస్తది సూడు." పొద్దున మొదటి షిఫ్టు ఉందని బస్సెక్కి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నా వైపు రెండు వేళ్ళు చూపించాడు. ఎవరైనా చూస్తే గెలిచిన గుర్తు అనుకుంటారు. నాకు తెలుసు, అది నా నొప్పి.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుండగా ఆ మందు దిగింది. మొదట మోకాలి లోపల ఎక్కడో చిన్న మంట. గంట తిరిగేసరికి కాలు మొత్తం రోట్లో వేసి దంచుతున్నట్టయింది. సుమైరా వచ్చి, "ఇప్పుడు వంచుదాం ఆంటీ. పదిలో ఎంతుంది?" అంది.

"రెండు."

"రెండు అయితే మొహం గట్లెందుకు పెట్టినవ్?"

"నా మొహమే గంత" అన్నాను.

మంచం అంచున కూచోబెట్టి కాలు వంచబోయింది. కొద్దిగా వంగింది, ఇక మొరాయించింది. నేను కావాలని ఆపలేదు, కాలే నా మాట వినలేదు. సుమైరా కొలిచి చూసి, "నలభై డిగ్రీలే వస్తున్నది. ఇంటికి పోయే లోపల తొంభై రావాలె ఆంటీ" అంది. సాయంత్రం మళ్ళీ వచ్చింది. ముప్పై అయిదే. ఆమె మొహంలో నవ్వు పోయింది. "రెండే నొప్పి ఉన్నదంటవు, కాలు ఇస్తలేవు. భయపడుతున్నవా? గిట్లయితే బిగుసుకపోతది. నీ మంచికే చెప్తున్న" అని కోప్పడి వెళ్ళింది. మూడో రోజు పొద్దున కూడా అదే తంతు. సైకిల్ పెడల్ ఒక చుట్టు తిరగాలంటే మోకాలు ఎంత వంగాలో అని అడగాలనిపించింది. అడగలేదు. ఈ జన్మకు ఇక అది రాదని గట్టిగా అనిపించింది. అప్పుడు నిజంగా భయం వేసింది.

పట్టుకున్నది షాహీదానే. దుప్పటి సర్దుదామని ఎత్తింది. నా గుప్పిట కింద పక్కబట్ట తాడులా మెలిపడి ఉంది. అది చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. "అక్కా, ఇది రెండు నొప్పికి చేసే పనేనా? ఎవల కోసం ఓర్చుకుంటున్నవ్? ఈడ నీ అత్త లేదు, నా అత్తా లేదు."

అప్పుడు చెప్పాను. అన్‌ఫిట్ రాస్తారని, రెండో మోకాలు ఆపుతారని. షాహీదా ముందు "యా అల్లా" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఆలోచనలో పడింది. "నిజమేనేమో అక్కా. సదన్నకు కంపెనీ సంగతులు మంచిగ తెలుసు. మా ఆయన గూడ గట్లనే అంటడు." ఇద్దరం తలుపు వైపు దొంగల్లా చూశాం. మరి కాసేపటికి ఆమెకే కోపం వచ్చింది. "ఆగు, ఫికర్ చెయ్యకు. అడిగితే పోయేదేంది?" అని బయటికి వెళ్ళి సుమైరాను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"అన్‌ఫిట్ అంటే ఏంది?" అంది సుమైరా. కరీంనగర్ పిల్ల, ఆమెకేం తెలుసు? మేమిద్దరం ఒకరి మాట ఒకరం లాక్కుంటూ సిక్కు, ఫిట్టు, అన్‌ఫిట్టు అన్నీ చెప్పాం. అంతా విని నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకుంది. మంచం మీద నా పక్కన కూచుంది.

"ఆంటీ, నువ్వు ఈడ బాయి దిగుతలేవు. నీకు ఎవరు ఫిట్ రాయరు, అన్‌ఫిట్ రాయరు. నువ్వు చెప్పే నంబరు నీకిచ్చే మందు కోసం. గంతే. ఇప్పుడు చెప్పు, ఎంతుంది?"

చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో! ఏడు అందామా, ఏడంటే ఎక్కువవుతుందా, పక్క మంచం ఆమె ఏమనుకుంటుంది, ఇంత ముసలిదానివి ఓర్చుకోలేవా అంటారా... చిన్నప్పటి నుంచి నొప్పిని తగ్గించి చెప్పడం తప్ప ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషిని కాదు. ఉప్పు కూడా చేతి అందాజాతో వేసేదాన్ని, నా బాధకు నంబరు ఎక్కడిది? కళ్ళు మూసుకున్నాను. మోకాలినే అడిగాను. అది వెంటనే చెప్పింది.

"తొమ్మిది" అన్నాను.

అన్నానో లేదో భోరుమని ఏడుపు వచ్చింది. నొప్పికి కాదు. ఆ ఒక్క మాటకు ఎవరూ "అబ్బో" అనలేదు, ఎవరూ "గంతనా?" అనలేదు. సుమైరా లేచి వెళ్ళి డాక్టర్ రాజకుమారిని పిలుచుకొచ్చింది. అంతే. నేను తొమ్మిది అంటే తొమ్మిదే అని నమ్మిన మొదటి మనుషులు వాళ్ళు.

డాక్టరమ్మ చిన్న స్కానింగ్ మిషన్ తెచ్చి నా తొడ మీద పెట్టి, తెర మీద చూసుకుంటూ ఇంకో సూది వేసింది. "ఇది లోకల్ ఇంజెక్షనే. కాలు మొద్దుబారి పడిపోదు, నొప్పి మాత్రం ఆగుతది. నిన్న పగటిపూట చెప్పి ఉంటే నిన్ననే వేద్దును గదమ్మా" అంది. ఆ మాటలో కోపం లేదు. అర్ధగంట తర్వాత మోకాలిని మంట విడిచిపెట్టింది. సుమైరా వచ్చింది. నలభై దాటింది. అరవై. షాహీదా పక్కన నిలబడి కబడ్డీ చూస్తున్నట్టు "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తోంది. సాయంత్రానికి తొంభై అయింది. పక్క మంచం ఆమె చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఆమె కూడా తన కొడుకును బయటికి పంపించి, సుమైరాను పిలిచి, తన నంబరు చెప్పింది. ఎనిమిదట.

చీకటి పడకముందే మా ఆయన సీతాఫలాలు పట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మ అప్పుడే లోపలికి వచ్చి, "ఎట్లుంది ఇప్పుడు?" అంది.

"రెండే మేడం" అన్నాడు ఆయన, సీతాఫలాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"తొమ్మిది ఉండె. ఇప్పుడు మూడు" అన్నాను నేను.

మా ఆయన నోరు తెరిచాడు. డాక్టరమ్మ మూడు అని రాసుకుని, "ఇకనుంచి అడిగింది ఎవరినో వాళ్ళే చెప్పాలె సదయ్య గారూ" అని నవ్వుతూ పోయింది. ఆయన స్టూలు మీద కూచుని చాలాసేపు సీతాఫలం ఒత్తి చూస్తూ ఉన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"తొమ్మిదా?"

"తొమ్మిదే."

"మరి ఇంట్ల? ఆపరేషన్‌కు ముందు?"

"మామూలు దినం ఆరు. నీ బట్టలు పిండిన నాడు ఏడు. నీ నడుం మీద రాయి పడ్డప్పుడు నువ్వు రెండు నెల్లు సిక్కుల ఉన్నవు సూడు, నిన్ను లేపి కూసోబెట్టి, మళ్ళ పండబెట్టిన రోజులు... ఎనిమిది."

"నాకెందుకు చెప్పలే?"

ఈ ప్రశ్నకు మంచి జవాబులు చాలా ఉన్నాయి. ఆ రెండు నెలలూ ఆయన మూలుగు కింది నల్లా దాకా వినిపించేది, దాని మధ్యలో నా నొప్పికి సందు దొరకలేదని చెప్పొచ్చు. చెప్పిన రెండుసార్లూ "జండూబామ్ రాస్కో" అన్న సంగతి గుర్తు చెయ్యొచ్చు. కాని ఆయన మొహం చూస్తే అప్పుడే లెక్క తప్పిందని తెలుసుకున్న మనిషి మొహంలా ఉంది. "నువ్వు అడగలే" అని మాత్రం అన్నాను. ఆయన సీతాఫలం విప్పి, గింజలు తీసి, గుజ్జు నా చేతిలో పెట్టాడు. ముప్పై ఆరేళ్ళలో అదొక కొత్త సంగతి. గింజలు సరిగ్గా తియ్యలేదు గాని తిన్నాను, తియ్యగా ఉంది.

ఇంటికొచ్చిన మూడో రోజు ఆయనలోని పాత మనిషి మళ్ళీ బయటికి వచ్చాడు. పొద్దున్నే ఖాళీ టిఫిన్ డబ్బా నా మంచం దగ్గర పెట్టి, "మంచం మీద కూసోనన్న కూర కోసియ్యరాదు? మొదటి షిఫ్టుకు టైమైతున్నది" అన్నాడు.

"నేను సిక్కుల ఉన్న" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. మా దిక్కు సిక్కులో ఉన్న మనిషిని పని చెయ్యమనడం ఎంత తప్పో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అట్లా అడిగిన మేనేజరు ఆఫీసు ముందు ఒకసారి ఈయనే నినాదాలు ఇచ్చాడు. "ఎవరు రాసిన్రు సిక్కు?" అన్నాడు కొంచెం తగ్గి.

"నేనే రాసుకున్న. తొంభై దినాలు."

"తొంభయ్యా!"

"సుమైరా మూడు నెల్లు అన్నది. కావాలంటే యూనియన్‌ల అడుగు."

నవ్వేశాడు. నవ్వితే ఆయనకు ఎడమ చెంప మీద గుంట పడుతుంది, ఈ వయసులో కూడా. ఆ రోజు డబ్బాలో కోడిగుడ్డు పొరటు పెట్టుకుని పోయాడు. తర్వాత పప్పు నేర్చుకున్నాడు. "ఉప్పు ఎక్కడున్నదే?" అని వంటింట్లోంచి అరిస్తే, "ముప్పై ఆరేండ్ల సంది ఆ జాగల్నే ఉన్నది" అని నేను మంచం మీద నుంచి అరిచేదాన్ని. పక్క క్వార్టరులోంచి షాహీదా నవ్వు వినిపించేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు, "అయ్యో, సదన్న వంట చేస్తున్నడా? పాపం!" అనేవాళ్ళు. వచ్చిన ప్రతి ఒక్కరూ మోకాలు కోయించుకున్న నన్ను కాక, ఉల్లిగడ్డ కోస్తున్న ఆయనను చూసి కళ్ళు తుడుచుకున్నారు. నాకైతే కడుపుబ్బ నవ్వొచ్చేది.

నొప్పి రాకుండా పోలేదు. వచ్చింది. కాని వచ్చినప్పుడల్లా దానికి పేరు పెట్టి పిలిచాను. అయిదు అంటే మాత్ర, ఆరు అంటే ఐస్ గడ్డ, అంతకు మించితే డాక్టరమ్మకు ఫోను. ఇంత సులభమైన పనిని ఇన్నేళ్ళు ఎందుకు అంత కష్టం చేసుకున్నానో! ఇప్పుడు ఆయన కూడా డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఎంత?" అంటాడు. నేను చెప్తాను. ఒక్కోసారి ఊరికే ఏడు అని టీ పెట్టించుకుంటాను. అంత మాత్రం ఉండాలి.

వారానికి రెండుసార్లు ఆటోలో మా ఏరియా దవాఖానకు వ్యాయామాలకు పోయాను. అక్కడ నేలకు బిగించిన సైకిల్ ఒకటి ఉంది, ఎంత తొక్కినా ఎక్కడికీ పోదు. మొదటి వారం పెడల్ సగం దాకా పోయి వెనక్కు వచ్చేది. ముందుకు సగం, వెనక్కు సగం. ఆరో వారంలో ఒకరోజు, షాహీదాతో ఏదో ముచ్చట చెప్తూ మరిచిపోయి తొక్కాను. పెడల్ పైకి వచ్చింది, పై అంచున ఒక్క క్షణం ఆగింది, అవతలికి దిగిపోయింది. ఒక చుట్టు! మళ్ళీ తొక్కాను. ఇంకో చుట్టు. నా కాలు గుండ్రంగా తిరుగుతోంది. "షాహీదా!" అని అరిచాను. డాక్టరుకు చూపించుకోవడానికి బయట కూచున్న వాళ్ళంతా తలుపులోంచి తొంగి చూశారు. చెమటలు కారుతున్నాయి, ఆయాసం వస్తోంది, దిగమంటే దిగలేదు. ఎక్కడికీ పోని ఆ సైకిల్ మీద నేను మా ఊరి నుంచి హైస్కూలు దాకా పోయి వచ్చాను. ఆ రోజు ఇంటికొచ్చాక షాహీదా, "మా మనవరాలి సైకిల్ ఊకెనే ఉన్నదక్కా, కడ్డీ లేని సైకిల్. నాకు గూడ నేర్పుతవా?" అంది. ఆమెకు యాభై రెండు. నేను వెంటనే ఒప్పుకున్నాను.

తొంభయ్యో రోజు సాయంత్రం మా ఆయన టిఫిన్ డబ్బా తోమి, తుడిచి, మెరిసేటట్టు చేసి నా ముందు పెట్టాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడు. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడని అప్పుడు తెలిసింది.

"సిక్కు అయిపోయింది గదా. ఫిట్టేనా?"

"ఫిట్టే."

"రేపు మొదటి షిఫ్టు. వంకాయ కూర చెయ్యి. నీ చేతి కూర డబ్బాల పెట్టుకోని పోక ఎన్ని దినాలాయె!"

నిజంగా ప్రేమగానే అడిగాడు. నా చెయ్యి కూడా అలవాటుగా డబ్బా మీదికి పోయింది. పట్టుకున్నాను. తేలిగ్గా ఉంది. ఇది ఒక్కటే కదా, కట్టిస్తే ఏం పోతుంది అని మనసు అననే అంది. దాని వెనక బట్టలు వస్తాయి, బట్టల వెనక బిందె వస్తుంది, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని అన్నీ వస్తాయి. డబ్బా కింద పెట్టాను.

"మమత బాపూ, ఒకటి అడుగుత. నడుముకు దెబ్బ తాకి నువ్వు ఫిట్ అయినంక, నిన్ను మళ్ళ అదే జాగకు పంపిన్రా?"

"లేదు. పైన పంపు కాడికి మార్చిన్రు."

"ఎందుకు?"

"మళ్ళ అదే పని చేస్తే మళ్ళ అదే అయితదని..." అన్నాడు. అని, తన మాట తనే విన్నాడు. డబ్బా వైపు చూశాడు, నా మోకాలి వైపు చూశాడు.

"వంకాయ కూర రేపు సాయంత్రం ఇద్దరం కలిసి చేద్దాం, నాకు గూడ తినబుద్ధి అయితున్నది" అన్నాను. "డబ్బా మాత్రం నువ్వే కట్టుకో. షాహీదాకు సైకిల్ నేర్పుతనని మాటిచ్చిన. పొద్దున ఆరు గంటలకు నేను ఇంట్ల ఉండ."